ప్రిన్సిపాల్ గారి గుమ్మంలో గోడ

సివిల్ చదివే పిల్లలకి గోడ కట్టడం నేర్పాలంటే వాళ్లచేత గోడ కట్టించాలి. ఇందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా కట్టిన గోడని ఆ తరువాత ఏం చెయ్యాలన్న దగ్గరే వచ్చింది.

అనకాపల్లి దాటాక హైవే పక్కన జీడితోటల మధ్య ఉన్న కందిగిరి ఇంజనీరింగ్ కళాశాలలో చాలాకాలం ఎవరూ ఆ సంగతి ఆలోచించలేదు. ల్యాబు షెడ్డులో ఓ మూల ఇటుకల గుట్ట ఉండేది. పొద్దున వచ్చిన బ్యాచ్ మట్టి కలిపి, తాపీలు పట్టుకుని నడుమెత్తు గోడ కట్టేది. మేడమ్ దారం కట్టిన గుండు వేలాడదీసి చూసి, వంకర ఉంటే చీవాట్లు పెట్టి, మార్కులు వేసేది. తరువాత ఆ పిల్లలే గోడని పైనుంచి వరుసవరుసగా విప్పి, ఇటుకలకి అంటిన మట్టి గీకి, మళ్లీ గుట్టగా పేర్చి, చేతులు కడుక్కుని క్యాంటీన్‌కి పోయేవాళ్లు. మధ్యాహ్నం బ్యాచ్‌కి మళ్లీ అవే ఇటుకలు. ఏళ్ల తరబడి ఇన్ని చేతుల్లో నలిగి ఆ ఇటుకల మూలలు సబ్బుబిళ్లల్లా అరిగిపోయాయి. దీన్ని ఎవరూ పర్యావరణ పరిరక్షణ అనుకోలేదు. ల్యాబు అనుకున్నారు, అంతే.

ఆ మేడమ్ పేరు నూకరత్నం. కాలేజీలో అందరికీ రత్నం మేడమ్. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆమె పేరు పక్కన ‘తాత్కాలిక’ అన్న మాట జిగురు పెట్టినట్టు అంటుకుని ఉంది. ప్రతి వేసవికీ ‘మళ్లీ పిలుస్తాంలే అమ్మా’ అని ఇంటికి పంపేవారు. పిలిచేదాకా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఫోను వంక చూస్తూ కూర్చునేది. అలాంటిది ఈ ఏడు ‘సుస్థిర నిర్మాణ పద్ధతులు’ అని కొత్త సబ్జెక్టు వచ్చింది. అందులో లెక్కలు లేవు, ఎవరి దగ్గరా పాత నోట్సూ లేదు, కాబట్టి పెద్ద ప్రొఫెసర్లెవరూ ముట్టుకోలేదు. రత్నం తీసుకుంది. తీసుకున్న మర్నాడే ప్రిన్సిపాల్ డాక్టర్ పరాంకుశం గారు పిలిచి కుర్చీ చూపించారు. ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదలు.

“చూడమ్మా నూకరత్నం గారూ” అన్నారాయన. ఆయన అమ్మా, గారూ రెండూ కలిపి వాడారంటే ఏదో గొడవ నెత్తిన పడబోతోందన్నమాట. “హరిత ప్రమాణాల మండలి వారు ఈ విద్యాసంవత్సరాంతమున మన ప్రాంగణమును సందర్శించనున్నారు. మనకు ఉత్తమ శ్రేణి లభించినచో మీ ఉద్యోగమును ఖాయపరచుటకు యాజమాన్యము వారు సూత్రప్రాయముగా అంగీకరించియున్నారు. లభించకపోతే ఆ సబ్జెక్టూ ఉండదు, మీరూ ఉండరు.”

చివరి వాక్యం మాత్రం ఆయన మామూలు తెలుగులోనే చెప్పారు.

మండలి పంపిన ప్రశ్నావళిలో ‘మీ ప్రాంగణమున ఏటా ఎన్ని నిర్మాణములు కూల్చబడుచున్నవి?’ అని ఒక ప్రశ్న ఉంది. పరాంకుశం గారు ల్యాబు టైంటేబుల్ తెప్పించుకుని లెక్క చూసి హడలిపోయారు. జిల్లా మొత్తంమీద కూలనన్ని గోడలు తన కాలేజీలోనే కూలుతున్నాయి. ఆ సాయంత్రమే నోటీసు బోర్డు మీద ఆకుపచ్చ కాగితం వెలిసింది.

‘ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, నేటినుండి ఈ ప్రాంగణమున ఏ గోడయు, ఏ నిమిత్తము చేతను, ఎవ్వరి చేతను కూల్చబడరాదు.’

రత్నం పరుగున వెళ్లింది.

“సార్, మేం చేసేది కూల్చడం కాదండీ, విప్పడం. ఒక్క ఇటుక కూడా పాడవదు. అసలు ఆ సబ్జెక్టులో నేను పిల్లలకి చెప్పాల్సిందే అదండీ.”

“విప్పిన తరువాత గోడ ఉండునా?”

“ఉండదండి.”

“ఉన్నది లేకుండా పోవుటనే కూల్చివేత యందురు.”

“పోనీ, కట్టించడమే మానేస్తానండి.”

“ప్రతి బ్యాచు గోడ కట్టవలెనని సిలబస్‌లో ఉన్నది. కట్టనివారికి మార్కులు లేవు.”

“అంటే కట్టాలి, కానీ విప్పకూడదు.”

“ఇప్పటికి మీకు సుస్థిరత అనగా ఏమో బోధపడినది” అని పరాంకుశం గారు సంతోషించి, అక్కడికక్కడే ఆమెని కూల్చివేతల నిరోధక అధికారిణిగా నియమించారు. చీరకి పెట్టుకోవడానికి ఆకుపచ్చ బిళ్ల కూడా ఇచ్చారు. ఇక నుంచి ఎక్కడ ఏ గోడనుంచి ఇటుక కదిలినా బాధ్యత ఆమెదే, ఆ రోజుతో ఆమె ఫైలు మూతపడుతుందని రాసిన కాగితం మీద సంతకం కూడా తీసుకున్నారు. ఏం చేస్తుంది పాపం! బిళ్ల పెట్టుకుని బయటికి వచ్చింది.

వారం తిరక్కుండా షెడ్డు నిండింది. పాత ఇటుకలన్నీ గోడల్లోనే ఉండిపోయాయి కనక కొత్తవాటికి బట్టీకి కబురు వెళ్లింది. పర్యావరణం కోసం లారీల మీద లారీలు ఇటుక దిగింది. షెడ్డులో చోటు చాలక పిల్లలు గ్రౌండులోకి వచ్చారు. క్రికెట్ పిచ్ నడిమధ్యన ఒక గోడ లేచింది. ఆ గోడకి తగిలితే నాలుగు పరుగులని పిల్లలు ఒప్పందం చేసుకున్నారు. బస్సులు ఆగే చోట గోడలు లేస్తే డ్రైవర్లు హైవే మీదే పిల్లల్ని దింపేసి పోయేవారు. ఫస్టియర్ వాళ్లు క్లాసు వెతుక్కుంటూ బయల్దేరి, మధ్యాహ్నానికి లేడీస్ హాస్టల్ దగ్గర తేలేవారు. దారి తప్పామని ఒట్టేసి చెప్పినా వార్డెన్ నమ్మలేదు. నిజానికి కొందరు దారి తప్పనూ లేదు.

మట్టి గోడలు వానకి కరిగిపోతే అదీ కూల్చివేతే అవుతుందని ఎవరో సందేహం లేవదీశారు. పరాంకుశం గారు గోడలన్నిటికీ ప్లాస్టిక్ పట్టాలు కప్పించారు. కట్టిన ప్రతి గోడకీ ఫొటో తీసి మండలి పోర్టల్‌లో పెట్టాలి. పెట్టగానే తెరమీద ఒక ఆకు మొలుస్తుంది. ఒకసారి మొలిచిన ఆకుని తీసేసే వీలు ఆ పోర్టల్‌లో లేదు. రోజూ పొద్దున్నే పరాంకుశం గారు కాఫీ తాగుతూ ఆకులు చూసుకుని మురిసిపోయేవారు.

చోటు కోసం బ్యాచ్‌లు కొట్టుకునేదాకా వచ్చాక స్టాఫ్ మీటింగు పెట్టారు. రత్నం లేచి, “సార్, ఇక కట్టడానికి జాగా లేదండి” అంది. పరాంకుశం గారికి కోపం వచ్చింది. హరితోద్యమానికి హోదాలు అడ్డు రాకూడదని గంభీరంగా ఉపన్యసించి, మరో కాగితం మీద సంతకం చేశారు. ‘సమతలమైన నేల ఎచ్చట ఖాళీగా నున్నను, అధికారుల గదులు, వసారాలు సైతము మినహాయింపు లేకుండ, విద్యార్థులు అనుమతి కోరకయే గోడ కట్టవచ్చును.’ అందరూ చప్పట్లు కొట్టారు. పరాంకుశం గారు కూడా కొట్టుకున్నారు.

మండలి వారు రానే వచ్చారు. అధ్యక్షులు ఆచార్య విరూపాక్షం గారు నిండు విగ్రహం, మెడలో ఆకుపచ్చ కండువా. వెంట ఇద్దరు సభ్యులు. ఆయన ఏమన్నా ‘అవునవును’ అనడం వాళ్ల బాధ్యత. గేటు దగ్గర కొబ్బరి బొండాలిచ్చారు. క్రికెట్ గోడ దగ్గర మళ్లీ ఇచ్చారు. గోడల మధ్య దారి తప్పి తిరిగి తిరిగి గేటు దగ్గరికే రావడంతో అక్కడివాళ్లు మళ్లీ ఇచ్చారు. విరూపాక్షం గారు ఏదీ కాదనలేదు.

“ఇంతటి నిర్మాణ సాంద్రతను నేనెచ్చటనూ కాంచలేదు” అన్నారాయన.

“అవునవును” అన్నారు సభ్యులు.

భోజనాలయ్యాక పరాంకుశం గారు వాళ్లని తన గదిలోకి తీసుకెళ్లి, ఏసీ వేసి, దీపాలు ఆర్పి, తెరమీద ఆకుల బొమ్మలు చూపించడం మొదలుపెట్టారు. బల్లమీద రత్నం ఫైలు సిద్ధంగా ఉంది. సాయంత్రం శ్రేణి ప్రకటించగానే సంతకం పెట్టేస్తానని ఆయన అందరి ముందూ అన్నారు. రత్నం కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో అతిథులకి ఇవ్వాల్సిన ఏటికొప్పాక బొమ్మలు స్టోర్‌రూములో ఉండిపోయాయని గుర్తొచ్చింది. తెస్తానని బయల్దేరింది.

దగ్గరే గానీ గోడల్లోంచి వెళ్లి రావాలి కదా! బొమ్మల బుట్టతో తిరిగి వచ్చేసరికి సాయంత్రం కావస్తోంది. వసారాలో మూడో సంవత్సరం మధ్యాహ్నం బ్యాచ్ వరసగా నిలబడి ఉంది. అందరి చేతులకీ మట్టి. ముందు క్లాస్ రిప్రజెంటేటివ్ చిన్నంనాయుడు, పక్కన తాపీ పట్టుకుని యామిని.

“సూడండి మేడమ్, ఎలగుందో!” అన్నాడు చిన్నంనాయుడు.

ప్రిన్సిపాల్ గారి గుమ్మంలో గోడ. కిందినుంచి పైకి, సందు లేకుండా, గుమ్మం నిండా. రత్నం బుట్ట కింద పెట్టి, అలవాటు కొద్దీ గుండు తీసి వేలాడదీసింది. వెంట్రుకవాసి కూడా వంకర లేదు. వరుసలు గీత గీసినట్టున్నాయి. ఇన్నాళ్లకి ఒక్కళ్లయినా సరిగ్గా కట్టారని ఒక్క క్షణం ఆమె ఒళ్లు పులకరించింది. ఆ తరువాత అది ఎవరి గుమ్మమో తలకెక్కింది.

“ఓరి నాయనో! లోపల మనుషులున్నారురా!”

“తలుపేసుంది మేడమ్” అన్నాడు చిన్నంనాయుడు బిక్కమొహంతో. “సారు ఆళ్లకి కాలేజీ సూపిస్తన్నారనుకున్నాం. ఎక్కడా జాగా నేదు. క్యాంటీన్ కాడ కడదామంటే వంటోడు గరిటట్టుకుని ఎంటబడ్డాడు. ఇవాళ కట్టకపోతే మార్కులు పోతాయన్నారు కదండీ మీరు.”

“ఫొటో పెట్టారా?”

“ఎప్పుడో పెట్టేశాం మేడమ్, ఆకు కూడా వచ్చేసింది” అంది యామిని.

అప్పుడే లోపల తలుపు తెరుచుకున్న చప్పుడైంది. 

“ఎవరక్కడ? ఇదేమి?” విరూపాక్షం గారి గొంతు.

“గోడండి” అంది రత్నం. “మా పిల్లలు ఇప్పుడే కట్టారు.”

“అద్భుతము! ప్రధానాచార్యుని ద్వారమునైనను విడువని నిబద్ధత! దీనికి ప్రత్యేక ప్రశంస వ్రాయవలెను.”

“అవునవును.”

“ఇక మేము వెలుపలికి వచ్చు మార్గమేది?”

రత్నం కిటికీల వంక చూసింది. కిటికీలకి ఇనుప గ్రిల్లు. గదికి ఇంకో దారి లేదు. “గోడ విప్పాలండి” అంది.

“విప్పిన తరువాత గోడ ఉండునా?” ఇది పరాంకుశం గారు.

“ఉండదండి.”

“అనగా కూల్చివేత! అధ్యక్షుల వారి సమక్షముననే! ఎంతమాట!”

అటువంటి అపచారానికి తావివ్వరాదని లోపల ఏకగ్రీవంగా తీర్మానించుకున్నారు. కుర్చీలు లాక్కుని కూర్చుని, ఆ పరిస్థితినే ఒక ఆదర్శ ప్రయోగంగా నమోదు చేద్దామనుకున్నారు. అటెండరు అప్పలకొండ కిటికీ గ్రిల్లులోంచి టీ గ్లాసులు అందించాడు. విరూపాక్షం గారు టీ కూడా కాదనలేదు.

కొబ్బరినీళ్లు కొబ్బరినీళ్లే కదా. ఎంత అధ్యక్షుడైనా అవి ఊరుకోవు. కాసేపటికి ఆయన బాత్‌రూము ఎటని అడగడం బయటికి వినిపించింది. గదికి బాత్‌రూము లేకపోలేదు. నీటి పొదుపు పథకం కింద పరాంకుశం గారే దాని పైపులు పీకించి, పాత మెమెంటోలు పేర్పించి, తాళం వేయించారు. తాళంచెవి యాజమాన్యం దగ్గర ఉంది. మామూలు బాత్‌రూము వసారా చివర ఉంది, గోడకి ఇవతల.

ముందు సమావేశం చప్పుడు తగ్గింది. తరువాత ఎవరో గదిలో అటూ ఇటూ నడుస్తున్న చెప్పుల చప్పుడు. నడక క్రమంగా వేగం పుంజుకుంది.

“అమ్మా” అన్న గొంతు గోడ వెనక నుంచి వచ్చింది. గ్రాంథికం దానిలోంచి పూర్తిగా ఎగిరిపోయింది. “అమ్మా, నీకు పుణ్యముంటుంది. ఈ గోడ తియ్యి తల్లీ!”

“అధ్యక్షా, శ్రేణి పోవును!” అన్నారు పరాంకుశం గారు. “నూకరత్నం గారూ, జాగ్రత్త! ఒక్క ఇటుక కదిలినా మీ ఫైలు ఇక్కడే మూసివేయబడును. మీ సంతకం ముందే తీసుకున్నాను, గుర్తుంచుకోండి.”

“మీరు నోర్ముయ్యండి పరాంకుశం గారూ!”

“అవునవును” అన్నారు సభ్యులు. వాళ్లూ బొండాలు తాగినవాళ్లే.

పిల్లలందరూ రత్నం మొహంలోకి చూస్తున్నారు. ఆమెకి వేసవిలో ఫోను వంక చూస్తూ కూర్చునే మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. ఒక పెద్దమనిషి అవతల విలవిల్లాడుతుంటే ఇవతల నిలబడి ఫైలు గురించి ఆలోచిస్తున్నానే, ఛీ, ఏం బతుకు అనుకుంది. ఆకుపచ్చ బిళ్ల తీసి బొమ్మల బుట్టలో పడేసింది.

“అందరూ ఇలా రండి” అంది. “పైవరుస ముందు. మట్టి పచ్చిగానే ఉంది, తాపీ మొనతో కదిపితే వచ్చేస్తుంది. లాగొద్దు. ఒకళ్లు తియ్యండి, ఒకళ్లు గీకండి, ఒకళ్లు పేర్చండి. ఒక్క మూల విరిగినా మార్కులు కోస్తాను.”

ఏడాదంతా తెరమీద బొమ్మలు చూపిస్తూ ఆమె చెప్పలేకపోయిన పాఠం పిల్లల చేతుల్లో అలా నడిచిపోయింది. మనిషి దూరేంత సందు అవగానే విరూపాక్షం గారు కండువా గాలికి వదిలేసి దూకారు. వెనకనే ఇద్దరు సభ్యులు. వసారా చివరిదాకా వాళ్లు పరిగెత్తిన తీరు చూసి, కాలేజీ స్పోర్ట్స్ మీట్‌లో కూడా అంత పోటీ చూడలేదని అప్పలకొండ చాన్నాళ్లు చెప్పుకున్నాడు.

ఆ సాయంత్రం ఆగిపోయిన ఫలితాలు కొన్నాళ్లకి వచ్చాయి. కందిగిరి కళాశాలకి అత్యుత్తమ శ్రేణి. ‘ఒక్క గోడయు కూల్చబడని ఏకైక ప్రాంగణము’ అని నివేదికలో రాశారు. పోర్టల్‌లో ఆకులన్నీ పచ్చగానే ఉన్నాయి, గుమ్మంలో గోడ తాలూకు ఆకుతో సహా. ఆ సాయంత్రం జరిగిన దాని గురించి విరూపాక్షం గారు ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. ఎందుకు రాస్తారు? పరాంకుశం గారికి శాలువా కప్పారు.

మర్నాడు రత్నం ల్యాబు టైముకి ముందే ఆయన గదికి వెళ్లింది. ఆయన చల్లగా మజ్జిగ తాగుతున్నారు. అప్పటికే ఒక పెద్ద గ్లాసు ఖాళీ అయింది, రెండోది చేతిలో ఉంది.

“నా ఫైలు సార్.”

“విచారించుచున్నాను” అన్నారాయన. “మీ పర్యవేక్షణలో ఒక గోడ కూల్చబడినది. కావున మీ ఉద్యోగమును ఖాయపరచుటకు నిబంధనలు అంగీకరించవు.”

“గోడ కూలితే మనకి శ్రేణి ఎలా వచ్చిందండీ?”

“శ్రేణి నిమిత్తము గోడ నిలిచియున్నది. మీ ఫైలు నిమిత్తము కూలినది.”

ఒక్క రవ్వ కూడా తడబడకుండా చెప్పారాయన. రత్నం ఆయన మొహంలోకి చూసింది. ఎగతాళి ఏమన్నా ఉందేమోనని వెతికింది. లేదు. మనిషి నిజంగానే నమ్ముతున్నాడు. ఆమెకి ఏడుపు రావాల్సింది, చిత్రంగా నవ్వొచ్చింది.

“ఒకే గుమ్మంలో గోడ ఉండీ లేకుండా ఎలా ఉంటుందండీ? రికార్డులో ఉన్న గోడ గుమ్మంలోనూ ఉండాలి కదా” అంది. “సరిచేసేస్తాను.”

బయటికి వచ్చి ఒక కేక వేసింది. మూడో సంవత్సరం బ్యాచ్‌లు రెండూ ఎలాగూ జాగా దొరక్క వసారాలోనే తచ్చాడుతున్నాయి. ఆనాటి ఇటుకలు గుమ్మం పక్కనే పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. చిన్నంనాయుడు మట్టి తొక్కడం మొదలెట్టాడు. యామిని గుమ్మానికి దారం కట్టింది.

పరాంకుశం గారు మొదటి వరుస వేసేదాకా నవ్వుతూ చూశారు. “ఏమిది, ఏమిది?” అన్నారు.

“ఖాళీగా ఉన్న సమతలమైన నేలండి” అంది రత్నం. “అధికారుల గదులు సైతం. మీ సంతకమే.”

గోడ మోకాలెత్తుకి వచ్చింది. “నూకరత్నం గారూ, ఇది క్రమశిక్షణారాహిత్యము” అన్నారాయన. తొడలదాకా వచ్చింది. “రత్నం గారూ, మనం కూర్చుని మాట్లాడుకుందాం” అన్నారు. అప్పలకొండ అలవాటు కొద్దీ కిటికీలోంచి మూడో గ్లాసు మజ్జిగ అందించబోయాడు. ఆయన దాని వంక చూసి, తాళం వేసిన బాత్‌రూము వంక చూసి, వసారా చివరికి చూశారు. గోడ నడుము దాటింది. ఎక్కి దూకుదామంటే పచ్చి గోడ, ఒక్క ఇటుక కదిలినా కూల్చివేతే.

“అమ్మా రత్నం! పెన్ను ఏదీ?”

గోడ మీదుగా ఫైలు వచ్చింది. రత్నం సంతకం చూసుకుంది, తేదీ చూసుకుంది, ముద్ర చూసుకుంది. ‘తాత్కాలిక’ అన్న ఆ మాయదారి మాట మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. ఫైలు చంకలో పెట్టుకుని కళ్లు తుడుచుకుంది.

“ఊఁ, విప్పండర్రా” అంది పిల్లలతో. “ఒక్కో ఇటుకా తీసి, శుభ్రంగా గీకి, పేర్చాకే ఇంకోటి ముట్టుకోవాలి. తొందరపడితే మూలలు విరుగుతాయి.”

“రికార్డులో ఫలితం కాడ ఏటి రాయమంటారు మేడమ్?” అడిగాడు చిన్నంనాయుడు.

“ఇటుకలన్నీ పగలకుండా వచ్చాయని రాయండి.”

పిల్లలు నిమ్మళంగా గీకుతున్నారు. గోడకి అవతల పరాంకుశం గారు ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారుతున్నారు.

“ఇంకెన్ని వరుసలున్నాయమ్మా?”

“క్లాసు జరుగుతుంటే మాట్లాడకూడదండీ” అంది రత్నం మేడమ్, తనూ ఒక ఇటుక అందుకుని.